బంగారు తల్లికి కంచు చెయ్యి

గోదావరి ఇసుక గనికి ఆకాశం మీదుగా వచ్చేది. నది ఒడ్డున తీగకు తగిలించిన ఇనుప బకెట్లు ఒకదాని వెనక ఒకటి కాలనీ ఇళ్ళ మీదుగా, ఆరేసిన చీరల మీదుగా, ఎవరి తొందరా తమకు పట్టనట్టు ఊగుతూ వచ్చి, బంకరు దగ్గర బోర్లా తిరిగి, ఖాళీ అయి మళ్ళీ నదికే మళ్ళేవి. బొగ్గు తవ్వేసిన చోట భూమి కడుపులో మిగిలే బోలును ఆ ఇసుకతోనే నింపాలి. నీళ్ళతో కలిపి గొట్టాల్లోంచి కిందికి తోస్తారు. తొయ్యకపోతే కప్పు కూలి కింద పనిచేసే వాళ్ళ మీద పడుతుంది.

రాళ్ళూ వేర్లూ ఆల్చిప్పలూ గొట్టంలోకి పోకుండా బంకరు మూతికి పెద్ద ఇనుప జాలి ఉంది. ఆ జాలి మీద నిలబడి పనికిరానివి ఏరి పారెయ్యడం నర్సింగం డ్యూటీ. అతనితో పాటు ఐదుగురు ఆడవాళ్ళు, మగవాడు అతనొక్కడే. మొన్నటి వానాకాలం దాకా వర్క్‌షాపులో మోల్డరు. కంచు కరిగించి పంపులకు బుష్షులు పోసినవాడు. బెల్టు కింద పడి కుడిచేతికి బొటనవేలు తప్ప నాలుగు వేళ్ళూ పోయాక ఈ లైట్ జాబు ఇచ్చారు. పని తేలికే, చేసేవాణ్ణి కూడా తేలిక చేసి చూపిస్తుంది, అంతే తేడా. వచ్చే సోమవారం దవాఖానలో మెడికల్ బోర్డు కూర్చుని ఫిట్టో అన్‌ఫిట్టో తేలుస్తుంది. అన్‌ఫిట్ అంటే డ్యూటీ పోతుంది, మూడు నెలలకు క్వార్టరూ పోతుంది. ఆ సంగతి జాలి మీద అందరికీ తెలుసు. తెలుసు కనుకే ఆ మాట ఎవరూ ఎత్తరు.

డెబ్బై మూడు చలికాలంలో ఒక బుధవారం, పొద్దు బారెడెక్కిన వేళ ఒక బకెట్టు బోర్లపడింది. తడి ఇసుక మెల్లగా జారిపోయింది. జారిపోయాక జాలి మీద ఒక ముఖం మిగిలింది.

నర్సింగం ముందు అది ఏదో వేరు ముద్ద అనుకున్నాడు. వంగి ఎడమచేత్తో తుడిచాడు. సగం మూసిన కళ్ళు, పొడుగాటి చెవులు, పెదవుల చివర చిన్న నవ్వు. ఇసుక తుడిచిన కొద్దీ పసుపుపచ్చటి వెలుగు బయటికొచ్చింది. మూర కన్నా బెత్తెడు తక్కువ ఎత్తు. తామరపువ్వు మీద కూచుని ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి జారవిడిచిన ఆడమనిషి. పొద్దంతా పనిచేసి అరుగు మీద కూలబడి, ఎవరైనా పిలిస్తే లేద్దామా అన్నట్టు కూర్చుంది. ఎడమచేతిలో పువ్వు కాడ. కుడిచెయ్యి మోకాలి మీదికి చాచి ఉంది గాని, మణికట్టు దగ్గర ఆగిపోయింది.

నర్సింగం ఆ మొండి మణికట్టు మీద బొటనవేలు ఆనించాడు. లేని నాలుగు వేళ్ళూ ఒక్కసారి జివ్వుమన్నాయి. అట్లా అప్పుడప్పుడూ అవుతూ ఉండేది. కానీ ఎవరికో జవాబు చెప్పినట్టు కావడం అదే మొదలు.

ఐదుగురు ఆడవాళ్ళూ చుట్టూ చేరారు. వాళ్ళలో పెద్దది ఐలవ్వ చెంగు భుజం మీదికి లాక్కుని దండం పెట్టింది. మైసమ్మ అంది ఒకామె. కాదు, లక్ష్మి అంది ఇంకొకామె. అంతలో ఐలవ్వ కళ్ళు కుడిచేతి మీద ఆగాయి, దండం పెట్టిన చేతులు విడిపోయాయి. విరిగి భిన్నమైన విగ్రహం మనుషులున్నచోట ఉండకూడదని ఆమె గట్టిగా చెప్పింది. ఎవరో చెయ్యి విరిగిందని గోదారి గంగలో కలిపిన తల్లి ఇది, ఇప్పుడు గని మూతి మీదికి వచ్చింది, మళ్ళీ గంగలో కలిపేదాకా కింద పనిచేసే మొగోళ్ళ మీద కప్పు నిలవదు అంది. వాళ్ళలో ముగ్గురి మొగుళ్ళు అప్పుడు కిందనే ఉన్నారు. ముగ్గురూ జాలి దిగిపోయారు. వాళ్ళను చూసి మిగిలిన ఇద్దరూ దిగారు.

బకెట్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. జాలి మీద ఇసుక గుట్టపడింది.

మేనేజరు జీపులో వచ్చాడు. ముప్పై దాటని మనిషి, కొత్తగా వచ్చాడు, మంచివాడే. విగ్రహాన్ని చూడగానే ఆఫీసుకు పోయి హైదరాబాదులోని పురావస్తు శాఖకు ఫోను చేశాడు. ఆదివారం తమ మనిషి వస్తాడని, అందాకా దాన్ని జాగ్రత్త చెయ్యమని, పోగొడితే మీదే పూచీ అని అటునుంచి చెప్పారు. అది విని బయటికి వస్తే ఇటు ఐలవ్వ. గంగలో కలపందే జాలి ఎక్కం అంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ అవస్థ మేనేజరు తెల్లచొక్కా మీది చెమటలోనే కనిపించింది.

"చెయ్యి పెడితేనో?" అన్నాడు నర్సింగం.

అందరూ అతని వైపు తిరిగారు. అన్నాక అతనికే భయం వేసింది.

"చెయ్యి అతికితే భిన్నం గాదు గద, ఐలవ్వా. అప్పుడు ఉండొచ్చా తల్లి?"

ఆదివారం లోపల చెయ్యి వస్తే ఉండొచ్చునని, రాకపోతే తన చేతుల్తోనే మోసుకుపోయి గంగలో కలుపుతానని, అందాకా జాలి ఎక్కుతామని ఐలవ్వ ఒప్పుకుంది. మేనేజరు నర్సింగం కుడిచేతి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. నువ్వు చెయ్యగలవా అని మెల్లగా అడిగాడు. మాది కంచరోళ్ళ ఇల్లే సారు, మైనం పని మా తాతలనాటిది అన్నాడు నర్సింగం. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

"చెయ్యి నర్సింగం. నువ్వు ఇది చేస్తే సోమవారం నేనే బోర్డు ముందుకు వచ్చి చెబుతాను. ఇంత సన్నపనితనం ఉన్నవాడు అన్‌ఫిట్ ఎలా అవుతాడు? వర్క్‌షాపుకే తీసుకుంటాం."

*

తల్లిని గనిదీపాలు ఉంచే లాంపు రూము పక్కన చిన్న గదిలో పెట్టారు. కాపలా నేపాలీ వాచ్‌మన్ బహదూర్. సాయంత్రం డ్యూటీ దిగి నర్సింగం భార్య సారవ్వను వెంటబెట్టుకుని కొలతలకు వెళ్ళేసరికి బహదూర్ చెప్పులు విడిచి, గది బయట గోడకానుకుని ఏడుస్తున్నాడు. దుఃఖం ఏమీ లేదట. ఇది తారామాయి అట, వాళ్ళ ఊళ్ళో ఉందట. ఇరవై ఏళ్ళ తర్వాత పక్కింటామె ఎదురుపడినట్టు అయిందని వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

సారవ్వ నేల మీద కూచుని తల్లిని ఒడిలోకి తీసుకుంది. కిటికీలోంచి పొద్దుగూకే వెలుగు పడి గదిలోని బొగ్గు దుమ్ము కూడా బంగారుపొడిలా తేలుతోంది. ఆ వెలుగులో ఎంతసేపు కూచున్నారో ఇద్దరికీ గుర్తులేదు. సారవ్వ వేళ్ళు తల్లి మీద నడుస్తున్నాయి, నర్సింగం కళ్ళు ఆ వేళ్ళ వెంట నడుస్తున్నాయి.

దండకడియం దగ్గర ఆమె వేలు ఆగింది. మైనాన్ని దారంలాగా తీసి, రెండు దారాలు పురిపెట్టి చుట్టిన కడియం. "ఇది మా అవ్వ పురి. గిట్లనే పెడుతుండె," అంది సారవ్వ. పెళ్ళికి ముందు పుట్టింట్లో ఆమె చేసిన పని అదే. కంచరింట మైనపు దారం తీసేది ఆడవాళ్ళే. నర్సింగం తల్లిని తలకిందులు చేసి లోపల చూశాడు. బోలుగా ఉంది, మూలల్లో నల్లగా కాలిన మట్టి ఇంకా అంటుకుని ఉంది. పుట్టమన్ను, పేడ. వాసన చూశాడు. ఎన్ని వందల ఏళ్ళ కిందటి మట్టో, ఎక్కడి మట్టో, తన ఇంటి వెనక పెరట్లోదే అన్నట్టుంది.

కానీ అంతా అట్లా లేదు. కళ్ళు చూస్తే బహదూర్ కళ్ళు. నడుము ఇంత సన్నంగా ఈ దేశంలో ఎవరూ పొయ్యరు. భుజాల మీది ఉత్తరీయం కొసలు గాలికి లేచి అలల్లా తిరిగాయి. అది నూలు గుడ్డ కాదు, పట్టు, అదీ మన పట్టు కాదు. ముఖం మీద మాత్రం వేరే రకం బంగారం, రంగులా పూసినది, జుట్టు మడతల్లో నీలిమందు లాంటి నీలం. పోసినవాడు ఒకడు, నేర్పినవాడు ఒకడు, పూసినవాడు ఇంకొకడు. ఒక్క ఇంటి బిడ్డ కాదు ఈమె అనుకున్నాడు నర్సింగం.

బంకరు పంపు దగ్గర ఫిట్టరు హమీద్ ఆ దారినే పోతూ గదిలోకి తొంగిచూశాడు. వీళ్ళ పక్క క్వార్టరు అతనిదే. ఒంటి మీది బంగారం చూడగానే దగ్గరికి వచ్చి గోటితో తాకాడు. ములామా అన్నాడు. బంగారాన్ని పాదరసంలో కరిగించి, కంచుకు పూసి, నిప్పు మీద పెడితే పాదరసం ఎగిరిపోయి బంగారం పట్టుకుంటుంది. వాళ్ళ తాత హైదరాబాదులో నవాబుల కత్తిపిడులకు ఆ పని చేసినవాడు. చేతికి కూడా ములామా చేసిపెట్టు భాయ్ అని నర్సింగం అడిగితే హమీద్ తల అడ్డంగా ఊపాడు.

"నక్కో అన్నా. ఆ పొగకు మా తాత పండ్లన్నీ రాలినయ్. ఆఖరికి చేతులు వణికి చాయ్ గిలాస పట్టుకోలేకపోయిండు. నీకున్న చెయ్యి నీకుండనీ."

పోతూ పోతూ అతను కూడా చెప్పులు విడిచిన చోటు నుంచి వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు. అది తన దేవత కాదు. ఆ మెరుపు మాత్రం తన తాతది.

*

గురువారం నుంచి సారవ్వ పెరట్లోకి మారిపోయింది. తేనెమైనం, గుగ్గిలం, కాస్త నూనె కలిపి కాచింది. చల్లారాక ముద్దను పీట మీద అరచేత్తో రుద్దుతూ దారం తీసింది. ఆదివారం దాకా నర్సింగానికి మేనేజరు డ్యూటీ మాఫీ చేశాడు. అతను పక్కన కూచుని ఎడమచేత్తో చూపిస్తున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ పెరట్లో అది తిరగబడింది. ఇట్లా వంచు అంటే ఆమె అట్లా వంచేది, అదే బాగుండేది.

చెయ్యి ఎట్లా ఉండాలన్నది పెద్ద ప్రశ్న అయింది. అరచెయ్యి బయటికి తిప్పి, వేళ్ళు కిందికి జారవిడిచి, ఏదో ఇస్తున్నట్టు ఉంటుందని బహదూర్ చెప్పాడు. ఇచ్చేచెయ్యి ఎట్లా ఉంటుందో చూద్దామని సారవ్వ తన చేతినే మోకాలి మీద పెట్టుకుని, ఎడమచేత్తో మైనం ఒత్తింది. నర్సింగం ఆ చేతిని పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అంతసేపు చూసింది లేదు. చిటికెనవేలు కొంచెం లోపలికి వంగి ఉంటుందని ఆవేళే తెలిసింది. దాన్ని సరిచెయ్యమని చెప్పబోయి ఊరుకున్నాడు.

మైనపు చెయ్యి రెండు బొటనవేళ్ళంత కూడా లేదు. సారవ్వ అట్లాంటివి రెండు చేసింది. ఒకటి నిప్పుది, ఒకటి మనది అనేదట వాళ్ళ అవ్వ. నిప్పు దాని వాటా అది తీసుకుంటుంది, అడ్డం చెప్పకూడదు.

వండ్రుమట్టిని బట్టలో వడగట్టి, పేడనీళ్ళతో కలిపి మొదటి పూత పూశారు. నీడన ఆరాక రెండోది. ఆపైన పుట్టమన్ను, ఊక కలిపిన మందపాటి పూత. శుక్రవారం అంతా రెండు మట్టి ఉండలూ బొగ్గుపొయ్యి పక్కన ఆరుతూ కూచున్నాయి. పైన బకెట్లు పోతున్నాయి, వస్తున్నాయి. వాటి నీడలు పెరట్లోంచి, సారవ్వ వీపు మీంచి, మట్టి ఉండల మీంచి ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. నర్సింగం చాప మీద పడుకుని కళ్ళు మూస్తే కుడిచేతి వేళ్ళు నాలుగూ ఉన్నాయి, తెరిస్తే లేవు. వర్క్‌షాపులో తన మూల, నల్లమట్టి పెట్టెలు, కరిగిన లోహం మీద పచ్చగా ఎగిరే మంట అన్నీ కళ్ళ ముందు ఆడాయి. సోమవారం తర్వాత అక్కడికే పోతాను అనుకున్నాడు. అనుకుంటే కడుపులో చల్లగా ఉంది.

కంచు ఎక్కడిదంటే సారవ్వ తన పెళ్ళి నాటి కంచుతళ్ళెను సుత్తితో పగలగొట్టింది. అది మరీ పెళుసు, ఒక్కటే పోస్తే వేళ్ళు విరుగుతాయని నర్సింగం చెప్పాడు. చిల్లుపడ్డ రాగిచెంబు ముక్క కలిపారు.

శనివారం తెల్లవారగానే కొలిమి అంటించారు. ఒక పక్క మట్టి ఉండల్ని కాల్చి లోపలి మైనం కరిగించి తీసేశారు. మైనం పోయిన చోట చెయ్యి ఆకారంలో ఖాళీ మిగిలింది. ఇంకో పక్క మూసలో కంచు కరుగుతోంది. సారవ్వ తిత్తి ఊదుతోంది. మంట రంగు గుమ్మడిపువ్వులా తిరగగానే నర్సింగం లేచాడు.

"ఇగ నువ్వు లోపలికి పో."

సారవ్వ లేచి గడప అవతల నిలబడింది. కంచరింట ఆడది మైనం తియ్యవచ్చు, మట్టి కలపవచ్చు, తిత్తి ఊదవచ్చు. లోహం పోసే వేళకు మాత్రం ఎదుట ఉండకూడదు. ఎందుకు అని ఎవరూ అడగలేదు, కనుక ఎవరూ చెప్పలేదు.

నర్సింగం పటకారు ఎడమచేత్తో పట్టి, రెండో కొమ్మును కుడిచేతి బొటనవేలికీ మొండి అరచేతికీ మధ్య ఇరికించాడు. మూస లేచింది. మట్టి ఉండ మూతి దాకా వచ్చింది. ధార పడటం మొదలయింది. అంతలో కుడి కొమ్ము జారింది. పట్టు బిగించబోతే బిగించడానికి ఏమీ లేదు. మూస పక్కకు ఒరిగి ధార తెగింది. మళ్ళీ కలిపాడు గాని తెగిన ధార తెగినట్టే. సగం కంచు నేల మీద పడి ఎర్రటి పురుగుల్లా పాకి, నల్లబడింది.

చల్లారాక ఆ ఉండను పగలగొట్టాడు. అరచెయ్యి ఉంది. వేళ్ళు లేవు. బొటనవేలు ఒక్కటి నిలబడి ఉంది.

నర్సింగం దాన్ని అరచేతిలో పెట్టుకుని కూచుండిపోయాడు. అచ్చం తన చెయ్యే. నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. గట్టిగానే ఏడ్చాడు. వేళ్ళు తెగిన రోజు కూడా అంత ఏడవలేదు. మోల్డరు నర్సింగం ఇక లేడని అప్పటిదాకా ఎవరు చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు కంచే చెప్పింది.

సారవ్వ గడప దాటి వచ్చింది. కింద పడిన కంచు ముక్కలన్నీ ఏరి మూసలో వేసింది. మిగిలిన తళ్ళెం ముక్కలూ వేసింది. తిత్తి ఊదసాగింది. ఏం చేస్తున్నావని అతను అడగలేదు. కొంగు నడుముకు బిగించి ఆమె పటకారు అందుకున్నప్పుడు మాత్రం నోరు తెరిచాడు. వద్దు అన్న మాట నాలుక మీదికి వచ్చింది. తండ్రి, తాత, ఆ పైవాళ్ళూ అందరూ ఆ మాట వెనక నిలబడి ఉన్నారు. దాన్ని మింగాడు.

"ఇంకా ఆగు. రంగు రానీ," అన్నాడు. "ఆఁ, ఇప్పుడు లేపు. మూతి దగ్గరికి... ఇంకా దగ్గరికి. పొయ్యి. ధార తెంపకు సారవ్వా, ఏమైనా గానీ, ధార తెంపకు."

నిప్పురవ్వ ఒకటి ఎగిరి ఆమె మణికట్టు మీద పడింది. చర్మం కాలిన వాసన అతనికి తెలిసింది. ఆమె కన్ను మూతపడింది, చెయ్యి కదల్లేదు. ధార సన్నగా, తెగకుండా, రెండో ఉండ మూతి నిండి పొంగేదాకా పడింది.

మధ్యాహ్నం పగలగొట్టారు. మట్టి రాలిపోయి చెయ్యి బయటికి వచ్చింది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. చిటికెనవేలు కొంచెం లోపలికి వంగి ఉంది. బొటనవేలు మొదట్లో మాత్రం ఆవగింజంత బొక్క.

ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత సారవ్వ కాలిన మణికట్టుకు నూనె రాసుకుంటూ, ఎవరడిగినా నువ్వే పోసినవని చెప్పు అంది. సోమవారం బోర్డు ఉంది, యాది పెట్టుకో అంది. అతను తల ఊపాడు.

*

ఆదివారం పొద్దున నర్సింగం చెయ్యి అతకడానికి కూచుంటే మొండి మణికట్టు లోపల చిన్న రంధ్రం కనిపించింది. ఇసుక తీసి చూస్తే మేకు దిగగొట్టిన పాత రంధ్రం. చుట్టూ ఆకురాయి గీతలు. అంటే ఈ చెయ్యి ఇదివరకే ఒకసారి విరిగింది. ఎవరో, ఎక్కడో, ఏ దేశంలోనో కూచుని కొత్తచెయ్యి అతికారు. అదీ ఊడిపోయింది. ఐలవ్వ లాంటి ఒకామె విరిగిందని చూసి ఉంటుంది, తనలాంటి ఒకడు అతికితేనో అని ఉంటాడు. ఆ రంధ్రంలోకే కొత్తమేకు సరిగ్గా దిగింది. ఒళ్ళంతా బంగారం, చెయ్యి ఒక్కటి ఎర్రటి కంచు. అయినా తల్లి ఆ చేత్తో ఏదో ఇస్తూ కూచున్నట్టే ఉంది.

హైదరాబాదు నుంచి వచ్చినాయన బక్కపల్చటి మనిషి, దళసరి కళ్ళద్దాలు. గదిలో మేనేజరు, బహదూర్, ఐలవ్వ, జాలి మీది ఆడవాళ్ళు, వెనక గోడ దగ్గర సారవ్వ. ఆయన ముందు చేతిని చూశాడు, చూసి మండిపడ్డాడు. జాగ్రత్త చెయ్యమంటే ఎవరు ముట్టుకున్నారని మేనేజరును అడిగాడు. మేనేజరు జాలి సంగతి, కప్పు సంగతి, ఆడవాళ్ళ సంగతి చెప్పాడు. ఆయన వింటూ వింటూ భూతద్దం తీసి చేతి మీదికి వంగాడు. వంగినవాడు చాలాసేపటికి గాని లేవలేదు. లేచేసరికి కోపం పోయింది.

పాత రంధ్రంలోనే బిగించారే అన్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, చెప్పుకుంటూ పోయాడు. ఈమె పేరు తార, దాటించే తల్లి. ఈ ఒళ్ళు పోసింది నేపాలు లోయ కంచరులు. ఈ సన్నటి నడుము, కాలు జారవిడిచిన ఈ తీరు వాళ్ళు పాత వంగదేశపు మఠాల నుంచి నేర్చుకున్నారు. ఉత్తరీయం కొసల్లోని గాలి చీనా పట్టుది. ముఖానికి బంగారం, జుట్టుకు నీలం పూసినవాళ్ళు టిబెట్టు భక్తులు. గోదావరిలోకి ఎట్లా వచ్చిందో మాత్రం ఆయనకూ తెలియదు. నర్సింగానికి ఒళ్ళు పులకరించింది. నాలుగు రోజులుగా వేళ్ళతో తెలిసినదాన్ని ఇప్పుడు ఎవరో పేర్లు పెట్టి పిలుస్తున్నారు.

"ఇన్ని చేతులు పడ్డాయి దీనిమీద," అన్నాడాయన. "ఒక్కరి పేరూ మనకు తెలియదు. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ అడగలేదు. పోనీ ఈ ఒక్క చెయ్యి ఎవరిదో నేను రాసుకుపోతాను. ఎవరు చేశారు?"

"మా మోల్డరే, నర్సింగం," అన్నాడు మేనేజరు గర్వంగా. భుజం తట్టాడు కూడా. "రేపు బోర్డులో ఈ మాటే చెబుతాను. మీరు సాక్ష్యం."

ఆయన కలం తీశాడు. నర్సింగం మాట్లాడవలసిన పనిలేదు. నిలబడితే చాలు. వర్క్‌షాపులో తన మూల తనకు వస్తుంది, క్వార్టరు ఉంటుంది. వెనక్కి చూశాడు. సారవ్వ కొంగు కిందికి లాగి మణికట్టు కప్పుకుంటోంది.

"నేను చెయ్యలే సారు," అన్నాడు. "నా భార్య చేసింది. సారవ్వ. మైనం ఆమెదే, పోసింది సుత ఆమెనే. నేను పోస్తే వేళ్ళు రాలే."

మేనేజరు చెయ్యి అతని భుజం మీంచి మెల్లగా జారింది. నిజంగానా అని అడిగాడు, అబద్ధమని చెప్పమన్నట్టు అడిగాడు. హైదరాబాదు నుంచి వచ్చినాయన కలం కాగితం మీద ఆనించి, సారవ్వ అని ఒక్కొక్క అక్షరం పలుకుతూ రాసుకున్నాడు.

ఆడది పోసిన చెయ్యి అని ఐలవ్వ ఏమంటుందోనని జాలి మీది వాళ్ళంతా ఆమె ముఖం చూస్తున్నారు. ఐలవ్వ ముందుకు వచ్చి తల్లి కంచుచేతికి పసుపు పెట్టింది.

"తల్లి చెయ్యి తల్లే పొయ్యాలె గని, మొగోడేం పోస్తడు?" అంది. మిగిలిన పసుపు తీసుకెళ్ళి సారవ్వ కాలిన మణికట్టుకు రాసింది.

*

ఇంటికి పోయే దారిలో సారవ్వ అతని కన్నా పది అడుగులు ముందు నడిచింది. ఇంటికి పోయాక కూడా కంచం విసురుగా పెట్టింది, నీళ్ళచెంబు విసురుగా పెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం ఒక్క మాట అంది. నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోతుండె అంది. నర్సింగానికీ అదే భయం పట్టుకుంది. చేసిన మంచిపనికి సాయంకాలానికే భయపడటం మనిషికి ఉన్నదే.

సోమవారం బోర్డు ముందు నర్సింగం చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డాడు. డాక్టర్లు ముగ్గురు. మేనేజరు రాలేదు. ఎట్లా వస్తాడు, వచ్చి ఏం చెబుతాడు? నిమిషం కూడా పట్టలేదు. అన్‌ఫిట్.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని నడిచి వచ్చాడు. బకెట్లు తల మీదుగా నది వైపు పోతున్నాయి, అన్నీ ఖాళీవే. ఇంటి ముందు కాసేపు నిలబడ్డాడు. లోపల రోలు చప్పుడు వినిపిస్తోంది.

సారవ్వ పెరట్లో కూచుని పగిలిన మట్టి అచ్చులు రోట్లో వేసి దంచుతోంది. కాలిన మట్టిని పొడిచేసి కొత్తమట్టిలో కలిపితే తర్వాతి అచ్చు పగలదు. కంచరింట ఎవరైనా చేసే పనే. పక్కన పీట మీద మైనం ముద్ద, ఉతికిన గుడ్డ. అతని ముఖం చూసింది. కాగితం అడగలేదు.

"బొటనేలు మొదట్ల గా బొక్క ఎందుకు పడ్డది?" అంది.

అతను గోడకానుకుని నిలబడ్డాడు. "గాలి పోయే తొవ్వ పెట్టలే ఆడ."

"పెట్టాలని నాకు ఎందుకు చెప్పలే?"

"మర్చిపోయిన."

"గట్ల మర్చిపోతే ఎట్ల?" రోకలి పక్కన పెట్టి, పొడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "పోసేదాన్నేమో నేనైతి. చెప్పేటోడివి నువ్వే గద. నువ్వు మర్చిపోతే నేనెవల్ని అడగాలె?"

నర్సింగం వచ్చి ఆమె పక్కన నేల మీద కూచున్నాడు. సారవ్వ మైనం ముద్దలోంచి కొంత తుంచి అతని ఎడమ అరచేతిలో పెట్టింది. తొవ్వ ఎక్కడ పెట్టాలో చూపించమంది. అతను మైనాన్ని వేళ్ళ మధ్య వెచ్చబరిచి, మెత్తబడ్డాక, చెప్పడం మొదలుపెట్టాడు.